దండం పెట్టే కారు

"ఎడమ పక్క లీకవుతోందండీ. కుడి పక్క కూడా లీకయ్యేలా చేయాలి."

కారు కింద నుంచి రెండు కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్లు ఒక్క క్షణం కదలడం మానేశాయి. తర్వాత చక్రాల పలక ఒకటి జర్రున బయటికి జారింది. దాని మీద వెల్లకిలా పడుకుని ఉందో అమ్మాయి. బుగ్గ మీద గ్రీసు మరక, చేతిలో స్పానర్.

"ఏందీ? మళ్లొకసారి చెప్పున్రి."

"అదేనండీ... ఒక పక్కే లీకయితే కారు వంకరగా వంగుతోంది. రెండు పక్కలా లీకయితే తిన్నగా వంగుతుంది కదా," అన్నాడు చిన్మయ్, ఎంతో ఓపిగ్గా.

అమ్మాయి లేచి కూర్చుంది. "సార్, ముప్పై ఏండ్ల సంది మా నాయిన గీ షెడ్డు నడుపుతుండు. అందరూ లీకు బంద్ చెయ్యమని వస్తరు. లీకు పెట్టమని వచ్చింది మీరొక్కరే."

"థాంక్సండీ," అన్నాడు చిన్మయ్. అది పొగడ్త కాదని వెలగడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది.

చిన్మయ్ చెడ్డవాడేం కాదు. మధురానగర్ లెక్చరర్ గారబ్బాయి. కాకపోతే అతను చేసే ఉద్యోగం సినిమా హీరో సునామీ స్టార్ గారి సోషల్ మీడియా చూడటం. సునామీ స్టార్‌ని ఇంట్లో చింటు అంటారు. ఆ సంగతి అభిమానుల దాకా పోకుండా కాపాడటం కూడా చిన్మయ్ ఉద్యోగంలో భాగమే.

చింటుగారికి ఒక జర్మనీ కారుంది. నాలుగు సెకన్లలో వంద స్పీడు అందుకుంటుందని దాని పుస్తకంలో రాసుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ట్రాఫిక్ పుణ్యమా అని, కొన్న నాటి నుంచి అది నలభై దాటలేదు. మూడు వారాల కిందట ఫిల్మ్ నగర్‌లో టీజర్ ఫంక్షన్‌కి చింటుగారు ఆ కారులోనే వచ్చారు. దిగారు. అభిమానులతో సెల్ఫీలు మొదలయ్యాయి. ఆయన వెనకాల, ఇంజన్ ఆపిన కారు మెల్లమెల్లగా ముక్కు దించి, నేల వైపు వంగింది.

చూసినవాళ్లెవరైనా కారు పాడైందనుకుంటారు. చిన్మయ్ మాత్రం వీడియో తీశాడు. "కారే ఇలా వంగి దండం పెడితే, కారెక్కే మనిషి సంస్కారం ఎంతుండాలి!" అని రాసి పెట్టేశాడు.

రెండు రోజుల్లో ముప్పై లక్షల మంది చూశారు. అభిమానులు కారుకి వినయ రథం అని పేరు పెట్టుకున్నారు. చింటుగారి అమ్మగారు, సినిమా నిర్మాత కూడా అయిన లీలాకుమారిగారు, శుక్రవారం శుక్రవారం కారుకి కుంకుమ పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మొదలుపెట్టారు. ఇది లీకు, బాగు చేస్తామన్న కంపెనీ వాళ్ల మీద కోప్పడి, రథాన్ని వెనక్కి తెప్పించేశారు.

అంతా బాగానే ఉండేది గానీ, దండం కాస్త ఎడమ పక్కకి పోతోంది. "రథానికి మందెక్కువైందా?" అని అవతలి హీరో అభిమానులు మొదలెట్టారు. "తిన్నగా పెట్టించు చిన్మయ్," అని లీలాకుమారిగారు ఆజ్ఞాపించారు. అందుకే ఇవాళ యూసఫ్‌గూడలోని రాములు సస్పెన్షన్ వర్క్స్‌లో ఈ సంభాషణ.

రాములుగారి అమ్మాయి పేరు మనోజ. ఇంజనీరింగ్ చదివి, ఆఫీసు ఉద్యోగం ఒక ఏడాది చేసి, ఏసీ గదిలో ఊపిరాడక తండ్రి షెడ్డుకి వచ్చేసింది. ఆమె ఒక మగ్గులో సబ్బు నీళ్లు కలిపి, సీసాలో పోసి, కారు ముందు చక్రం వెనకాల కొట్టింది.

"ఇట్ల వంగి చూడున్రి."

చిన్మయ్ వంగాడు. రబ్బరు మీద చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. వాటిని చూడాలంటే ఇద్దరి తలలూ దగ్గరికి రావాల్సి వచ్చింది. చిన్మయ్ బుడగలు తప్ప అన్నీ చూశాడు.

"కనబడుతుందా? ఎయిర్ షాకప్‌ల కారుని మోసే గాలి బెలూన్ చిరిగింది. కారు వంగుడు గందుకే. గాలి పోతున్న కొద్దీ కంప్రెషర్ నింపుతనే ఉంటది. ఒక దినం అది కాలిపోతది. గప్పుడు మీ సార్ స్పీడు మీద మలుపు తిప్పిండనుకో..."

"మా సార్ స్పీడుగా నడపరండీ. స్పీడు సీన్లన్నీ డూప్ చేస్తాడు."

"డూప్‌కి పానం లేదా?"

రెండేళ్ల ఉద్యోగంలో చిన్మయ్‌ని ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్న వేసిన అమ్మాయి మీద అతనికి అక్కడికక్కడే మనసు పడింది.

మర్నాడు పెన్ను మరిచిపోయానని వచ్చాడు. అతను పెన్ను పట్టుకుని మూడేళ్లయింది. ఆ మర్నాడు సబ్బు ఏ కంపెనీదో కనుక్కుందామని వచ్చాడు. మూడో రోజు వాన వచ్చింది. రేకుల కింద ఇద్దరే, వేడి మిరపకాయ బజ్జీలు, బయట కుండపోత. మీరు కాస్తా నువ్వు అయింది.

"రోజంతా ఫోన్ల ఏం రాస్తవ్ నువ్వు?"

"ఉన్నదాన్ని కొంచెం అందంగా రాస్తాను."

"ఉన్నది ఉన్నట్టు రాస్తే చదవరా?"

"జూబ్లీహిల్స్‌లో చదవరు."

మనోజ పకపకా నవ్వింది. వాన జల్లు ముఖాన కొడుతున్నా చిన్మయ్ అక్కణ్ణుంచి కదల్లేదు.

"మరి మీ మేడమ్‌ని అడిగినవా? బాగు చేయిస్తరంటనా?"

ఇక్కడే చిన్మయ్ తప్పు చేశాడు. ఎవరితో ఏం చెబితే సంతోషిస్తారో అది చెప్పడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. "ఒప్పుకున్నారు. శుభ్రంగా బాగు చేయమన్నారు," అని మనోజతో అనేశాడు. ఆమె ముఖం ఎంత వెలిగిందో చూసి ఇక వెనక్కి తీసుకోలేకపోయాడు. సాయంత్రం లీలాకుమారిగారితో, "దండం ఇక తిన్నగా పెడుతుంది మేడమ్," అన్నాడు. రెండు మాటలూ ఎదురుపడే రోజుకి అప్పుడేదో ఒకటి చెప్పొచ్చులే అనుకున్నాడు.

వారంలో సామాన్లు వచ్చాయి. మనోజ ముందు రెండు ఎయిర్ షాకప్‌లూ విప్పి కొత్తవి బిగించింది.

"చెడిపోయింది ఒకటే కదా?"

"ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటె పొసగదు. జోడీగనే మార్చాలె," అంది మనోజ, అతని వైపు చూడకుండా. చిన్మయ్ ఆ మాటను ఇంటిదాకా మోసుకుపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రీ రిలీజ్ ఫంక్షన్. ఐదు వేల మంది అభిమానులు, ఐదు వేల ఫోన్లు, పైన డ్రోన్. టీవీలో లైవ్. చింటుగారు కారు దిగి, ఇంట్లో అద్దం ముందు రిహార్సల్ చేసినట్టే కారు పక్కన నిలబడి చేతులు జోడించారు. ఇద్దరూ కలిసి వంగాలని ప్లాను.

చింటుగారు వంగారు. కారు వంగలేదు.

ఐదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. వంగినవారు వంగినట్టే ఉన్నారు. "వంగు! వంగు!" అని జనం కేకలు. కారు మాత్రం తనిఖీకొచ్చిన ఆఫీసరులా బిర్రబిగుసుకుని నిలబడింది. చివరికి ఇద్దరు బౌన్సర్లు బానెట్ మీద కూర్చుని చూశారు. అయినా అది చలించలేదు. మనోజ పని అంత గట్టిగా చేసింది.

కారవాన్‌లో లీలాకుమారిగారు నిప్పులు కక్కారు. "ఎవరు చేశారు ఈ పని?"

"షెడ్డులో... బాగు చేశారండీ."

"బాగు చేయమని ఎవడు చెప్పాడు వాళ్లకి? కుట్ర ఇది! రాయి చిన్మయ్. రాములు సస్పెన్షన్ వర్క్స్ నిర్లక్ష్యంతో వినయ రథం గాయపడింది అని రాయి. కింద అడ్రసు పెట్టు. మిగతాది మన అభిమానులు చూసుకుంటారు."

అభిమానులు ఎలా చూసుకుంటారో చిన్మయ్‌కి తెలుసు. కిందటి నెల ఒక రివ్యూ రాసినవాడి స్కూటర్‌ని వాళ్లు చూసుకున్నారు. తర్వాత ఆ స్కూటర్‌ని ఇనప సామాన్లవాడు తీసుకెళ్లాడు.

అంతలో ఫోను మోగింది. మనోజ.

"టీవీల చూస్తున్న. కారు మంచిగ నిలబడ్డది గదా, అందరూ గట్ల ఏడుస్తున్నరేంది?"

"మనోజా... వాళ్లని అడగనే లేదు. నేను నీకు అబద్ధం చెప్పాను."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు.

"నాయిన నా పక్కనే ఉన్నడు," అంది మనోజ. "కారు మంచిగయిందని పొద్దుగాల నుంచి అందరికీ చెప్పుకుంటుండు. ఆయనకేం చెప్పాలె నేను?"

ఫోను పెట్టేసింది. చిన్మయ్ చేతిలోని ఫోను వైపు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ల షెడ్డు, ఆ షెడ్డు పేరు, ఆ పేరు మీద బతుకుతున్న తండ్రీకూతుళ్లు ఇప్పుడు తన బొటనవేలి కింద ఉన్నారు.

అతను హీరోగారి అకౌంట్ తెరిచి టైప్ చేశాడు. "అది దండం కాదు, ఎడమ ఎయిర్ షాకప్ లీకు. లీకని తెలిశాక కూడా దండమనే రాసింది నేను. నా మాట నమ్మి రాములుగారి షెడ్డులో చక్కగా బాగు చేశారు. ఇందులో వాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు. ఇట్లు, చిన్మయ్."

దాన్ని పంపకుండా తిన్నగా చింటుగారి చేతికిచ్చాడు. "అకౌంట్ మీది, ప్రాణం కూడా మీదే బాబూ. మీరే చూడండి."

చింటుగారు నడుం పట్టుకునే చదివారు. "అంటే ఇన్నాళ్లూ నేను చిరిగిన బెలూన్ మీద తిరిగానా?"

"అవును బాబూ."

"వచ్చే వారం ఇంకో సినిమాకి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ కారుతోనే ఛేజ్ సీనుంది. డూప్ లేకుండా నేనే చేస్తానని ఇంటర్వ్యూలో చెప్పాను కదా?"

"అదీ నేను రాసిందేనండీ."

చింటుగారి ముఖంలో మేకప్ ఒక్కటే మిగిలింది. "పంపకురా చింటూ!" అని లీలాకుమారిగారు అరుస్తుండగానే ఆయన బటన్ నొక్కేశారు. హీరోగారు జీవితంలో డూప్ లేకుండా చేసిన మొదటి సాహసం అది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నారు లీలాకుమారిగారు చిన్మయ్‌తో.

"సరే మేడమ్," అన్నాడు. అంత తేలిగ్గా అతను ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

పావుగంటలో అభిమానులు, "నిజం ఒప్పుకునే గుండె మా అన్నకే ఉంది!" అని ఊరంతా హోరెత్తించారు. వాళ్లు పంచుకున్న స్క్రీన్‌షాట్లలో కింద చిన్మయ్ పేరున్న లైనుని ఎవరో కత్తిరించేశారు.

చిన్మయ్ ఆటో దిగేసరికి షెడ్డు ముందు ఇరవై కార్లు, కొట్టుకునేలా జనం. అభిమానులు దాడికొచ్చారనుకున్నాడు. తోసుకుంటూ లోపలికి పరుగెత్తాడు. "కొట్టాలంటే నన్ను కొట్టండి!" అని చేతులు చాచి మనోజకి అడ్డంగా నిలబడ్డాడు.

"పక్కకి జరుగన్నా," అన్నాడు ముందున్నవాడు. "మేం లైనులో ఉన్నం. మా కారుకి కూడా లీకు పెట్టించుకోనీకి వచ్చినం."

మనోజకి నవ్వొచ్చింది గానీ, చిన్మయ్‌ని చూసి దాన్ని మింగేసింది. "పోస్టు చదివిన. నాయిన కూడా చదివిండు. షెడ్డు పేరు నిలబెట్టినవ్. గది వేరే ముచ్చట. నాకు అబద్ధం చెప్పినవ్, గది వేరే ముచ్చట. కారు లీకైతె సబ్బు నీళ్లు కొట్టి చూస్తం. మనిషికి ఏం కొట్టి చూడాలె?"

"నన్ను ఏం పెట్టి కొట్టినా సరే మనోజా. నువ్వంటే నాకు ప్రాణం. ఇందులో అందంగా రాసిందేమీ లేదు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం మెత్తబడలేదు. "కొత్త షాకప్ ఏస్తే పదిహేను దినాలు నడిపి చూసినంకనే గ్యారంటీ ఇస్తం. నువ్వు కూడా పదిహేను దినాలు ఒక్క అబద్ధం లేకుంట ఉండు. గప్పుడు మాట్లాడుదాం. అప్పటిదాక గేటు కాడ నిలబడి గీ లైనుకి జవాబు చెప్పు."

చిన్మయ్ నిలబడ్డాడు. వచ్చిన ప్రతివాడితో, "అది దండం కాదన్నా, లీకు," అని చెప్పాడు. కొందరు తిట్టారు. ఒకాయన మాత్రం, "అయితే మా కారు వంగేది కూడా లీకేనా?" అని కంగారుపడి లోపలికొచ్చి బాగు చేయించుకున్నాడు.

పదిహేనో రోజు మధ్యాహ్నం రాములుగారు చిన్మయ్‌ని లోపలికి పిలిచి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. మనోజ మూడు గ్లాసుల్లో టీ తెచ్చి, స్పానర్ తుడుచుకుంటూ పక్కనే నిలబడింది.

"బిడ్డ పెట్టింది. ఎట్లుంది టీ?" అన్నారు రాములుగారు.

చిన్మయ్ ఒక గుక్క తాగాడు. అతని జీవితమంతా ఆ గ్లాసులో ఉంది. అమ్మాయి చూస్తోంది, అమ్మాయి తండ్రి చూస్తున్నాడు. పాత చిన్మయ్ అయితే ఈపాటికి అమృతం అనేసేవాడు.

"బాగాలేదండీ," అన్నాడు చిన్మయ్. "పాలు మాడాయి. చక్కెర రెండింతలు పడింది."

రాములుగారు గ్లాసు కింద పెట్టి తొడ చరిచారు. "ఐదేండ్ల సంది నేను భయానికి తాగుతున్న బిడ్డా! గీ పిలగాన్ని నమ్మొచ్చు మనోజా. నాకేం ఫికర్ లేదు."

మనోజ ఇద్దరినీ కొరకొరా చూసి, తన గ్లాసు అందుకుని తాగింది. ముఖం వికారంగా పెట్టింది.

"రేపటి సంది నువ్వే పెట్టు," అంది చిన్మయ్‌తో.

"రేపొక్కరోజేనా?"

"రోజూ," అంది మనోజ. తుడిచిన స్పానర్‌నే మళ్లీ తుడుస్తోంది. "మా ఇంట్ల, రోజూ."

చిన్మయ్ సంతోషం పట్టలేక ఆ పాడు టీ గ్లాసంతా ఒక్క గుక్కలో తాగేశాడు.