కుర్మయ్య తాత కొట్టం

కొత్తూరు దాటి లోపలికి తిరిగితే, ప్లాట్ల రాళ్ల నడుమ ఒక్క చెక్క చేను మిగిలి ఉంటుంది. ఆ చేను మూలన బోరుమోటరు కొట్టం. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు పోయినవాళ్లు నడిచి తిరిగిరారని, పరుగున వస్తారని చెప్పుకుంటారు.

ఆ పేరు మొదటినుంచీ ఉన్నది కాదు. కుర్మయ్య తాత పోయాకే వచ్చింది. దినాల నాడు పిట్ట ముద్ద ముట్టలేదు. ఎయిర్‌పోర్టు దగ్గరి ఊరు, నెత్తి మీంచి అన్ని విమానాలు పోతుంటే పిట్ట ఎట్లా వాలుతుందని కొడుకు వీరేందర్ వాదించాడు. ఊరు వింటేనా... ముసలాయనకు ఏదో కోరిక తీరలేదని తేల్చేసింది.

ఆ తర్వాత ఒక శనివారం, పక్క చేను ఉపేందర్ ఒక చెప్పు అక్కడే వదిలేసి ఊళ్లోకి వచ్చిపడ్డాడు. కొట్టంలోంచి తాత గొంతు విన్నాడట. అరుపు కాదు, మూలుగు కాదు... ఎవరితోనో ముచ్చట పెడుతున్నాడట. ఇక అప్పట్నుంచి శనివారం వచ్చిందంటే అదే మాట.

తండ్రి పేరు బద్నాం అవుతోందని వీరేందర్‌కు బాధ. ఆదివారం జేసీబీ పెట్టి కొట్టం కూలగొట్టిస్తానన్నాడు.

అతని బిడ్డ రేఖ ఎయిర్‌పోర్టులో టిఫిన్ల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. తాత ఉన్నన్నాళ్లూ ఆమె ఇల్లు చేరేదాకా ఆయన నడుము వాల్చేవాడు కాదు. ఆయన ఫొటోలు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. అది మెల్లమెల్లగా తన చెవిలోంచి జారిపోతోందని రేఖ దిగులు.

ఆ శనివారం ఆమె డ్యూటీ దిగి స్కూటీ మీద వస్తుంటే, ఊరి రోడ్డు తవ్వి పెట్టారు. మిగిలింది చేను పక్క బాటే. అంజన్నను తలుచుకుని బండి తిప్పింది.

కొట్టం దగ్గరికొచ్చిందో లేదో...

"ఆఁ... చెప్పు బిడ్డా."

బండి ఆగిపోయింది. తను ఆపిందో, అదే ఆగిందో తెలియదు.

"అన్నం తిన్నవా?"

తాత గొంతే. అదే గరుకు, చివర్న అదే చిన్న దగ్గు. రేఖ బండి వెనక్కి తిప్పబోయింది. కానీ తాత అడిగాక జవాబు చెప్పకుండా ఎట్లా ఉంటుంది?

"తిన్న తాతా," అంది, తనకే వినపడనంత మెల్లగా.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత —

"అబద్ధాలు చెప్పకు. నీ గొంతు చెప్తలేదా?"

నిజమే. పొద్దుట్నుంచి ఆమె కడుపులో పడింది ఒక బన్ను ముక్క.

భయం పోలేదు. అయితే ఏడుపు దాన్ని పక్కకు నెట్టి ముందుకొచ్చింది. "తాతా..." అంటూ తలుపు తోసింది.

లోపల, చీకట్లో... తెల్లచీర కదిలింది.

రేఖ వెనక్కి గెంతింది. ఆ తెల్లచీర కూడా ఉలిక్కిపడి, "రామ రామ" అంది.

దెయ్యం రామనామం చెయ్యదు గదా! రేఖ ఫోను లైటు వేసింది.

నానమ్మ చంద్రమ్మ. శనివారం భజనకని ఇంట్లోంచి బయలుదేరిన మనిషి, తాళాలు పక్కన పెట్టి, అడవిపందులను బెదిరించే మైకు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అందులోంచి కుక్క మొరుగుడు వస్తుందనే ఇంట్లోవాళ్లకు తెలుసు. పందులు దానికి అలవాటుపడ్డాయని, తాత తన గొంతే అందులో రికార్డు చేయబోయాడట. సరిగ్గా అప్పుడే రేఖ ఫోను చేసింది. ఆయన మీట ఆపడం మరిచి మనవరాలితో మాట్లాడాడు. ఆయన పోయాక చంద్రమ్మ దుమ్ము తుడుస్తుంటే వేలికి ఆ మీట తగిలింది.

"పంట కోసినం గద నానమ్మా. ఇంకెవలను బెదిరిస్తున్నవ్?"

చంద్రమ్మ కొంగు సర్దుకుంది. "మీ తాత నాతోని గింత మంచిగ ఎన్నడు మాట్లాడిండు బిడ్డా? నీతోని మాట్లాడింది జర నేను గూడ వింటున్న."

డబ్బా తాళాల సంచిలో వేసుకుని, ఇద్దరూ ఒకే బండి మీద ఇల్లు చేరారు. వాకిట్లోనే వీరేందర్ అడ్డం నిలబడి, ఆ బాటన ఎందుకు వచ్చారని గద్దించాడు. కొట్టం పోకూడదు, నానమ్మ గుట్టు బయటపడకూడదు. రేఖ మొహం బిగించింది.

"తాత ఆడనే ఉన్నడు బాపూ. కొట్టం కూలగొడితే యాడికి పోతడు? సక్కగ ఇంటికే వస్తడు."

వీరేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్వు చూసినవా?"

"చూసిన. అంజన్న తోడు..."

దేవుడి మీద ఒట్టు అనేసరికి చంద్రమ్మ ప్రాణం ఒప్పుకోలేదు. చెయ్యి సంచిలోకి పోయింది.

"అబద్ధాలు చెప్పకు," అన్నాడు కుర్మయ్య తాత.

వీరేందర్ గోడకు అతుక్కుపోయాడు. సంచి వంక చూశాడు, తల్లి వంక చూశాడు. ఆ మీదట మెల్లగా జారి, పూజలో కూర్చున్నట్టు సంచి ముందు కూర్చున్నాడు.

"అవ్వా... మల్లొకపారి అనిపియ్యి."

జేసీబీ రాలేదు. ఇంటి గుట్టు ఇల్లు దాటలేదు. కొట్టం పేరు మాత్రం ఇంకా చెడింది. ముందు అక్కడ ఒక్క గొంతే ఉండేదని, ఇప్పుడు శనివారం నాడు ఇంటిల్లిపాదీ నవ్వుతున్నట్టు వినపడుతోందని ఉపేందర్ ప్రమాణం చేసి చెబుతాడు.

అతని రెండో చెప్పు కూడా ఇప్పుడు అక్కడే ఉందట.