ఐదో పిలుపు

పెనెండెన్ మైదానంలో ఆ డిసెంబరు పొద్దున కోర్టు మామూలుగానే మొదలైంది. బిగుసుకుపోయిన నేలమీద జనం కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నారు. మాట్లాడే ప్రతివాడి నోట్లోంచీ ఆవిరి వస్తోంది. సిరా గడ్డకట్టకుండా గుమాస్తా బుడ్డిని చంకలో పెట్టుకున్నాడు.

హామో అక్కడికి రావడం ఇది ఐదోసారి. ఎందుకు వస్తున్నాడో చెప్పాలి.

ఆ వేసవిలో కెంట్ సీమ రైతులు దొరల మీద తిరగబడినప్పుడు, హామో కొడుకు జోర్డన్ తమ ఊరి దొర పత్రాల గదికి నిప్పు పెట్టాడు. గొడవ అణిగాక రాజుగారి న్యాయాధికారులు వచ్చి, పన్నెండుమంది ఊరివాళ్లచేత ప్రమాణం చేయించి, నిప్పు పెట్టినవాడి పేరు చెప్పమన్నారు. పేరు పడ్డవాడికి ఉరే. ఆ పన్నెండుమందిలో హామో ఒకడు. అతనే నోరు విప్పి ఒక పేరు చెప్పాడు. ఓస్బర్ట్, పశువుల కాపరి.

ఓస్బర్ట్ అప్పటికి రెండు నెలల ముందే జ్వరంతో పోయాడు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, జప్తు చెయ్యడానికి జానెడు నేల లేదు. గొయ్యి తవ్వి పూడ్చింది హామోయే. పూడ్చేముందు కాళ్లకున్న తోలు జోళ్లు విప్పి, మట్టిపాలు చెయ్యడమెందుకని కొడుక్కిచ్చాడు. చచ్చినవాణ్ణి ఇంకోసారి చంపలేరు కదా! మిగతా పదకొండుమందీ తలలూపారు.

పేరు పత్రంలోకి ఎక్కాక పద్ధతి ఒకటే. నెలకోసారి చొప్పున ఐదుసార్లు ఆ పేరు పిలుస్తారు. ఐదో పిలుపుకీ పలక్కపోతే వాడికి ఇక చట్టం కాపుదల లేదని రాసి, పత్రం చుట్టేస్తారు. ఇవాళ్టితో జోర్డన్ మెడ దక్కినట్టే.

పక్కనున్న థర్‌స్టన్, ఆ పన్నెండుమందిలో ఇంకొకడు, మోచేత్తో పొడిచాడు.

"ఈసారి ఆవుల్ని కూడా తోలుకొస్తాడేమో చూడు బావా!"

"నోర్ముయ్యరా."

బంట్రోతు గొంతు సవరించుకున్నాడు. "ఓస్బర్ట్! పశువుల కాపరీ!"

పొగమంచు కదల్లేదు. ఎక్కడో కాకి అరిచి ఆగిపోయింది. తవ్విన తడిమట్టి వాసన...

"వచ్చాను."

జనం పక్కకి జరిగారు. శవానికి కట్టినట్టు దవడ కిందనుంచి తలకి గుడ్డ చుట్టుకున్న మనిషి ఒకడు నడిచొచ్చాడు. చలికి చుట్టుకున్నాడనుకున్నారంతా. ఉత్తి కాళ్లు. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి. థర్‌స్టన్ నవ్వు ఎండిపోయింది.

"ఐదో పిలుపుదాకా నిద్రపోయావేమయ్యా?" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే.

"నిద్రపోయాను."

ఆ నోట్లోంచి ఆవిరి రాలేదు.

"విచారణ ఈస్టరు తర్వాత. అందాకా నీకు పూచీ ఎవరు?"

చెయ్యి లేచింది. హామో వైపు తిరిగింది.

వీడు చచ్చినవాడని హామో అరవొచ్చు. అరిస్తే, మరి నిప్పు పెట్టిందెవరని అడుగుతారు. జోర్డన్...

"నేనే," అన్నాడు. "మా ఇంట్లో ఉంచుకుంటాను."

గుమాస్తా రాసుకున్నాడు.

ఇంటికి మూడు మైళ్లు. హామో వెనక్కి చూడలేదు. తప్, తప్... ఉత్తి కాళ్ల చప్పుడు వెన్నంటే వచ్చింది. ఊరి పొలిమేర దాటాక అది మారింది. టక్, టక్... తోలు జోళ్లు. ఎవరో దారినపోయేవాడు కలిశాడు కాబోలని అతని గుండె కాస్త కుదుటపడింది. అయినా తిరిగి చూడలేదు.

తలుపు తీసే ఉంది. పొయ్యి ఆరిపోయింది. జోర్డన్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"జోళ్లేవిరా?"

"ఆయన అడిగాడు నాన్నా. ఇచ్చేశాను."

"ఎవరు... ఎప్పుడు?"

"ఇందాకే. నువ్వు పొలిమేర దాటుతున్నప్పుడు."

పొలిమేర ఇక్కడికి కనపడదు. హామో వంగి కొడుకు పాదాలు పట్టుకున్నాడు. రాళ్లలా ఉన్నాయి. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి.

"చలేస్తోంది నాన్నా..." అన్నాడు జోర్డన్.

ఆ నోట్లోంచి ఆవిరి రాలేదు.

గుమ్మం దగ్గర జోళ్ల చప్పుడు ఆగింది. హామో భుజం మీదుగా, మెల్లగా, తెల్లగా, ఎవరిదో ఊపిరి తేలి వచ్చింది. వెచ్చగా ఉంది.