కాగితం మీది ఇరవై రెండు

ఆ శనివారం పొద్దున సునీల చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. టమాట ట్రేలు లెక్కపెట్టి పికప్‌లోకి ఎక్కించాలి. అమ్మకు, తండాలో పిలిచినట్టు యాడికి, మోకాళ్ల నొప్పుల గోలీలు తేవాలి, దానికి ముందు డాక్టరు చీటీ ఎక్కడ పెట్టిందో వెతకాలి. పికప్ మీటరు చూసి కిలోమీటర్లు రాసుకోవాలి. పెట్రోలు బంకు రసీదులన్నీ ఒకచోట చేర్చాలి. కామారెడ్డి ఆటో దొరకాలంటే తొమ్మిదిలోపు రోడ్డెక్కాలి. వీటన్నిటికంటే ముందు బాపును ఒక మాట అడగాలి. ఆ ఒక్క పనినే ఆమె వారం రోజులుగా వాయిదా వేస్తూ వచ్చింది.

గాంధారి దగ్గరి ఆ తండాలో డిగ్రీ చేసిన మొదటి ఆడపిల్ల సునీల. కామారెడ్డిలో ఒక విత్తనాల దుకాణంలో కంప్యూటరు ముందు పని. నాలుగు నెలల కింద బాపు చత్రు, కాకా భీమ్‌సింగ్ కలిసి అప్పు చేసి పికప్ కొన్నప్పుడు ఏ బండి కొనాలో చెప్పింది ఆమే. పెట్రోలు ఇంజనుకు బ్యాటరీ తోడుండే హైబ్రిడ్ బండి అది. కాకా మామూలు డీజిలు బండే నయమన్నాడు. సునీల కంపెనీ కాగితం పట్టుకుని అందరికీ చదివి వినిపించింది. "లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లు!" చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని అందరూ సరేనన్నారు. ఇరవై ఎనిమిదేళ్లు పరాయివాళ్ల లారీలు తోలిన చత్రు, తన ఇంటి బండి తాళం చావి మొదటిసారి చేతికి తీసుకున్నాడు.

ఇరవై రెండు ఒక్కనాడూ రాలేదు. ఎన్నిసార్లు కూడినా, భాగించినా పదిహేను దాటలేదు.

ట్రేలు ఎక్కిస్తుంటే భీమ్‌సింగ్ అననే అన్నాడు. "ఏమమ్మా బీకామూ, నీ ఇరవై రెండు ఏడ దాసిపెట్టినవ్?"

అతని భార్య జమున ట్రే దించి నడుం పట్టుకుంది. "బండి సగం కరెంటు మీదనే నడుస్తదన్నరు గదా. నాకైతే మా మామ లెక్కనే అనిపిస్తుంది. ఆయన గూడ సగమే తాగుతనంటుండె!"

ట్రేలు తెచ్చిన నలుగురైదుగురు రైతులు గొల్లున నవ్వారు. సునీలకు చెవులు వేడెక్కాయి. కాగితం మీద అచ్చయిన అంకె తప్పయితే దాన్ని చదివి వినిపించిన తనదే తప్పు. అంకె సరైనదైతే తప్పు ఇంకెక్కడో ఉండాలి. బండి తోలేది బాపు ఒక్కడే. ఇంట్లో ఒంటరిగా అడగాలనుకున్న మాట ఆ నవ్వుల మధ్యే నోట్లోంచి జారిపోయింది.

"బండి తప్పు కాదు చిన్నమ్మా. లీటరుకు ఏడు కిలోమీటర్లు ఎటో పోతున్నయి. బాపూ, ఎవరికన్న పెట్రోలు తీసిస్తున్నవా?"

నవ్వులు ఆగిపోయాయి. తాడు ముడి వేస్తున్న చత్రు చెయ్యి ముడి మీదే ఉండిపోయింది.

"ఏమన్నవ్ బిడ్డా?"

"ఏం లేదు. అడుగుతున్న, అంతే."

"తీసియ్యలే," అన్నాడు చత్రు. ముడి విప్పి మళ్లీ వేశాడు.

భీమ్‌సింగ్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నేనేం అంటలేను. గని అప్పు ఇద్దరిది. ఇంకో రెండు వారాలు చూద్దాం. లెక్క రాకపోతే చావి మా పోరడు ప్రేమ్‌సింగ్‌కు ఇయ్యి. వాడు తోల్తడు."

చత్రు తల ఊపి బండి ఎక్కాడు.

ఇంట్లోకి వెళ్లగానే యాడి పూలి సునీల చెయ్యి పట్టుకుని ఆపింది. "నలుగుర్ల మీ బాపును దొంగను జేసినవ్."

"నేను దొంగ అనలేదు యాడీ."

"అనలే. అడిగినవ్. అంటే ఎదురన్న తిడుతుండె. అడిగితే ఏం జేస్తడు? జవాబు జెప్పాలె. ఆయనకాడ ఏం జవాబున్నది?"

సునీల ఆటో కోసం పరుగెత్తింది. దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది, లెక్క అడగడం తప్పు కాదని. తప్పు కాకపోతే అన్నిసార్లు చెప్పుకోవడం దేనికో మాత్రం ఆలోచించలేదు.

ఆ రోజు నుంచి చత్రు ప్రతి సాయంత్రం వచ్చి బంకు రసీదు కూతురి ముందు పెట్టేవాడు. "మీటరు చూస్కో బిడ్డా," అని పక్కకు జరిగి నిలబడేవాడు, దుకాణంలో సరుకు దించిన హమాలీ సంతకం కోసం నిలబడ్డట్టు. అన్నం తినేటప్పుడు ఎవరి కిరాయి, ఏ ఊరు, దారిలో ఎవరు కలిశారు అని చెప్పే మనిషి, ఇప్పుడు తల వంచుకుని తినేవాడు. సునీల లెక్క కట్టింది. పదిహేను ఉన్నది పదమూడుకు పడింది.

"ఇంకా తగ్గింది బాపూ," అంది పన్నెండో రోజున.

చత్రు మొహం నల్లబడింది. "తగ్గుడేంది? నేను ఎంత జేయాలెనో అంత జేస్తున్న గదా," అన్నాడు. ఆ రాత్రి సరిగా తినలేదు.

పదమూడో రోజు ఎల్లారెడ్డి అంగడి. సునీల దుకాణంలో సెలవు చెప్పి బండిలో బాపు పక్కన కూర్చుంది. "నేనూ వస్త," అంది. కాపలాకని ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. సీటు మీది తువ్వాల తీసి చోటిచ్చాడు.

నిండా ట్రేలతో బండి తండా రాళ్ల దారిలో కుంటుతూ కదిలింది. ఎక్కుడు మొదలైంది. ఇంజను రొప్పింది. మీటరు పక్కన వెలిగే బ్యాటరీ బొమ్మలో ఒకే ఒక్క గీత ఉంది. ఏ సాయమూ లేక పెట్రోలు ఒక్కటే ఆ బరువంతా లాగుతోంది. ఎక్కుడు చివరికి వచ్చి బండి వంపు తిరిగింది. అప్పుడు చత్రు గేరు న్యూట్రలు చేసి చావి తిప్పాడు.

ఇంజను ఆగిపోయింది.

చప్పుడు లేని బండి దిగుడులో జారడం మొదలుపెట్టింది. గాలి ఒక్కటే వినిపిస్తోంది. స్టీరింగు బిగుసుకుపోయింది. చత్రు రెండు చేతులతో దాన్ని పట్టి తిప్పుతున్నాడు, మెడ నరాలు తేలాయి. "బాపూ..." అనేలోపే మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. చత్రు బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు. ఇంజను లేని బ్రేకు బండరాయిలా ఉంది. వెనక ట్రేలు ఒకదానిమీద ఒకటి కొట్టుకున్నాయి. చివరి మేకకు జానెడు దూరంలో బండి ఆగింది.

మేకల కాపరి తిట్టిన తిట్లు ఇద్దరూ విన్నారు.

"ఇంజను ఎందుకు ఆపినవ్ బాపూ?" అంది సునీల.

చత్రు కొంగు దొరికిన చిన్నపిల్లాడిలా తువ్వాల చేతుల్లో నలిపాడు. "మరేం జెయ్యాలె బిడ్డా. నీ ఇరవై రెండు రావాలె గదా. పాత లారీలల్ల గిట్లనే దింపేటోళ్లం. దిగుడుకు పెట్రోలు ఎందుకు దండుగ?"

"ఎన్ని రోజులసంది?"

"నువ్వడిగిన రోజుసంది. అన్ని దిగుళ్లల్ల."

కంపెనీ పుస్తకంలో దిగుడు గురించిన పేజీ సునీల చదివింది. దిగుడులో బండిని గేరులోనే ఉంచి నెమ్మదిగా బ్రేకు తొక్కుతూ దించితే, తిరిగే చక్రాలే బ్యాటరీని నింపుతాయి. ఆ బ్యాటరీ తర్వాతి ఎక్కుడులో బండిని నెడుతుంది. ఈ బండి పొదుపంతా దిగుడులోనే ఉంది. బాపు ఆ దిగుడులోనే చావి తిప్పేశాడు. ఆమె లెక్క కోసం ఆయన ప్రాణం పణంగా పెట్టి చేసిన పనే ఆ లెక్కను ఇంకా దిగజార్చింది.

అంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. ఇరవై రెండు అనే అంకె కింద సన్నటి అక్షరాలతో ఒక వరుస ఉంది. అది పరీక్షలో వచ్చిన అంకె, బరువును బట్టి, రోడ్డును బట్టి మారుతుంది అని. అదీ చదివింది. చదివి దాటేసింది. ఇంటివాళ్లకు అంకె చెప్పింది, బండి గురించి చెప్పలేదు.

అన్నీ చెప్పేసింది, ఆగి ఆగి, ముక్కు తుడుచుకుంటూ. చత్రు బ్యాటరీ బొమ్మ వైపు చూశాడు.

"గీ గీతలు ఏందో అనుకుంటుంటి. ఎవలనన్న అడుగుదమంటే, చదువుకున్న బిడ్డ ఇంట్లున్నది, ఈనకు తెల్వదా అని నవ్వుతరని ఊకున్న." తువ్వాల భుజాన వేసుకుని అన్నాడు, "ముంగటనే చెప్తే అయిపోతుండె గదా బిడ్డా."

కోపంగా అని ఉంటే తట్టుకునేదే. ఆయన మామూలుగా అన్నాడు. సునీల మొహం రెండు చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊకో. టమాటలు మెత్తవడ్తయి, అంగడి దాటిపోతది. పా," అని చత్రు ఇంజను చాలు చేశాడు.

ఇచ్చిన గడువు ముగిసిన శనివారం, మళ్లీ అందరూ ట్రేలతో వచ్చారు. ప్రేమ్‌సింగ్ కూడా వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని సునీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందుకొచ్చింది.

"కాకా, బాపు చుక్క పెట్రోలు తియ్యలేదు. ఆ ఇరవై రెండు మన ట్రేలతోని, మన రోడ్డు మీద వచ్చేది కాదు. ఆ సంగతి కాగితంల రాసే ఉంది. నేను చదివిన, మీకు చెప్పలేదు. తప్పు నాది. నా తప్పు బయటవడొద్దని బాపు మీదికి నూకిన."

"మరి ఎంత వస్తదిప్పుడు?" అన్నాడు భీమ్‌సింగ్.

"రెండు రోజులసంది బాపు సరిగ్గ దింపుతున్నడు. పదిహేడు."

"పదిహేడేనా?"

"పదిహేడే కాకా. దానికన్న ఎక్కువ వస్తదని నేను చెప్పను."

జమున పక్కకు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పదిహేడు తక్కువనా? మా మామ తాగినంక పదిహేడు అడుగులు నడిస్తె గొప్పుండె," అంది. ఎవరో నవ్వారు. భీమ్‌సింగ్ అన్న దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. "చావి నీ కాడనే ఉండనీ అన్నా. నేనన్నది మనసుల పెట్టుకోకు."

చత్రు ఆ చెయ్యి తట్టాడు. కూతురి వైపు చూసి పక్క సీటు తలుపు తెరిచాడు. "ఎక్కు. ఆటో ఎందుకు, కామారెడ్డిల దింపుత."

సునీల ఎక్కి కూర్చుంది. చాలా దూరం తల ఎత్తలేకపోయింది. చత్రే మెల్లగా మొదలుపెట్టాడు, నిన్న గాంధారిలో ఎవరు కలిశారో, ఏమన్నారో.

ఇది చదివినవాళ్లను కోరేది ఒక్కటే. సునీలను మరిచిపోయినా పర్వాలేదు. చత్రును మాత్రం గుర్తుపెట్టుకోండి. కూతురి ప్రశ్నకు ఇవ్వడానికి తన దగ్గర మాటలు లేక, పన్నెండు రోజులు ప్రతి దిగుడులోనూ చావి తిప్పి, బరువు బండిని వట్టి చేతుల బలంతో కిందికి దించిన ఆ మనిషిని.