మే నెలలో స్వెట్టర్

బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, మెట్రోలో ఒకమ్మాయి స్వెట్టర్ వేసుకుని కూర్చుంది. అదీ చాలక, సీటు మారతారా అని పక్కనున్న సుధీంద్రను హిందీలో అడిగింది. పైనుంచి ఏసీ గాలి సూటిగా తన మీదికే వస్తోందట.

మనవాడు కర్నూలు ఎండల్లో పెరిగిన మనిషి. గురుగ్రామ్‌లో ఉద్యోగం. ఢిల్లీలో తనకు దొరికిన ఒకే ఒక్క సుఖం ఈ ఏసీ అని వాడి నమ్మకం. ఇంత ఎండలో చలేమిటి, జ్వరమా అని అడిగాడు. కాదంది. అయితే స్టైలా అన్నాడు. ఆ అమ్మాయి బ్యాగులోంచి శాలువా తీసి, దాన్ని కూడా కప్పుకుంది. ఎదుటి సీటులో వాళ్ళు నవ్వారు. సుధీంద్ర సిగ్గుపడి లేచి సీటిచ్చాడు. అప్పుడే వాళ్ళమ్మ ఫోన్ చేస్తే తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు.

శాలువాలోంచి తెలుగు వినబడింది. "ఆ లేచేదేదో ముందే లేచి ఉంటే, నాకు శాలువా తీసే పని తప్పేది కదండీ."

అలా పరిచయమైంది వాసవి. పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. నాన్న రామమోహనరావు గారు సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసర్, ఐఎన్ఏ మెట్రో స్టేషన్ దగ్గర క్వార్టర్స్. ఇంట్లో గుంటూరు తెలుగు, బజార్లో హిందీ, కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్ పిల్లలకు జాగ్రఫీ చెప్పేటప్పుడు ఇంగ్లీషు. థైరాయిడ్ తక్కువ, ఆ చలి అందుకే; రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటుంది. ఆ సంగతి దాచలేదు, పరిచయమైన కొత్తలోనే చెప్పేసింది.

"నేను కొంచెం స్లో చార్జింగ్ ఫోన్‌లాంటిదాన్ని. ఓపికుంటేనే స్నేహం చెయ్యి, లేకపోతే ఇప్పుడే చెప్పెయ్, ఠీక్ హై?"

ఓపిక బోలెడుందన్నాడు సుధీంద్ర. ప్రేమలో పడబోయేవాళ్ళందరూ అలాగే అంటారు, పాపం.

వానలు మొదలయ్యాయి. కరోల్ బాగ్ సందుల్లో ఒకే గొడుగు కింద, కాల్చిన మొక్కజొన్న పొత్తు చెరి సగం తింటూ తిరిగారు. ఆమె ఓరగా చూసిన ప్రతిసారీ వీడు గొడుగు సంగతి మరిచిపోయి తడిసేవాడు. ఒకరోజు తన నల్ల చొక్కా మీద ఆమె పొడుగాటి వెంట్రుకలు ఏరుతూ, నీకంటే ముందు నీ జుట్టు మా ఇంటికి కాపురానికొచ్చేసిందని ఏడిపించాడు. వాసవి నవ్వింది గానీ, ఆ తరువాత మాటిమాటికీ జడ తడుముకుంటూనే ఉంది. సుధీంద్ర అది గమనించాడు. గమనించి ఊరుకున్నా బాగుండేది.

పుట్టినరోజుకు హెయిర్ గమ్మీల డబ్బా కొనిచ్చాడు. జుట్టు కోసం తినే తియ్యటి బిళ్ళలవి. నిండా బయోటిన్ అనే బి విటమిన్. రోజూ తింటానని ఒట్టు వేయించుకున్నాడు. తీపంటే మొహం చిట్లించే పిల్ల, డబ్బా అయిపోతే తనే కొనుక్కుని, వాడి కోసం ఒక్కరోజు కూడా మానకుండా తిన్నది.

దసరా సెలవుల్లో రక్తపరీక్ష చేయించుకుంటే, థైరాయిడ్ హార్మోన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువుందని వచ్చింది. డాక్టరు మాత్ర డోసు సగానికి తగ్గించారు. గమ్మీల గురించి ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. చాక్లెట్లు తింటున్నానని డాక్టరుకు ఎవరు చెబుతారు? సుధీంద్ర అయితే ఇదంతా తన గమ్మీల మహిమేనని పార్టీ కూడా ఇచ్చాడు.

అక్కణ్ణించి వాసవి నెమ్మదిగా వాడిపోయింది. ఫోన్లు ఎత్తదు. ఎత్తినా, నిద్రొస్తోంది, రేపు చేస్తానంటుంది. ఆ రేపు రాదు. క్లాసులో రుతుపవనాల గురించి చెబుతూ చెబుతూ మధ్యలో మాట మరిచిపోయి నిలబడిపోయిందట. మళ్ళీ పరీక్ష చేయిస్తే అంతా నార్మల్. వాళ్ళమ్మ సుభద్ర గారు కూడా, రిపోర్టు బాగుంటే ఇక జబ్బేమిటే, ఆ ఫోన్ తగ్గించు అని విసుక్కున్నారు. సుధీంద్రకు మొదట జాలేసింది, తరువాత అనుమానమొచ్చింది.

జనవరిలో సంబంధం మాట్లాడటానికి వాడి అమ్మానాన్నలు కర్నూలు నుంచి వచ్చారు. వాసవి ఉబ్బిన మొహంతో వచ్చి కూర్చుంది. అడిగినదానికి ఆలస్యంగా, ముక్తసరిగా జవాబిచ్చింది. పెద్దవాళ్ళు ముహూర్తాల గురించి మాట్లాడుకుంటుంటే కుర్చీలోనే నిద్రపోయింది. ఇంటికొచ్చాక సుధీంద్ర వాళ్ళమ్మ ఒక్కటే అంది, ఆ పిల్లకు ఇష్టం ఉన్నట్టు లేదని.

మర్నాడు మెట్రో ప్లాట్‌ఫారం మీదే వాసవిని నిలదీశాడు.

"రిపోర్టు నార్మల్ అని నువ్వే చూపించినావు. ఇంకా థైరాయిడ్ అంటే ఎట్ల నమ్మేది? ఇష్టం లేకుంటే లేదని చెప్పు."

"నాకు బాగాలేదు సుధీ. ఎందుకో నాకూ తెలీదు. కానీ నిజంగా బాగాలేదు."

"రిపోర్టులో అట్లేం లేదు కదా."

ట్రైన్ వచ్చింది, వాసవి ఎక్కింది, వెళ్ళిపోయింది. సుధీంద్ర ఆపలేదు. తనదే న్యాయమనుకున్నాడు మరి.

తరువాతి ఏడాది వాడి నెత్తి మీదే జుట్టు పలచబడింది. ఒకటి కొంటే ఒకటి ఉచితమని అప్పట్లో వచ్చిన రెండో డబ్బా సొరుగులో మిగిలి ఉంటే, పారేయడమెందుకని తినడం మొదలుపెట్టాడు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో థైరాయిడ్ విపరీతంగా ఎక్కువుందని వచ్చింది. నెట్‌లో లక్షణాలు చదివి చదివి, లేని దడ తెప్పించుకున్నాడు. చివరికి డాక్టరు దగ్గరికి పరుగెత్తితే, ఆవిడ తాపీగా జుట్టుకేమైనా వాడుతున్నావా అని అడిగింది. గమ్మీల పేరు చెప్పగానే నవ్వేసింది. రోగం లేదు, పాడూ లేదు. అంత బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని పరీక్షలు తప్పుగా చూపిస్తాయి, కొన్నాళ్ళు మానేసి మళ్ళీ చేయించుకొమ్మంది. చేయిస్తే నార్మల్ వచ్చింది.

ఇంకెవరైనా అయితే గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టేవారు. సుధీంద్ర మాత్రం ఆఫీసు మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. బాగాలేదని ఆమె చెప్పింది. ఆ బిళ్ళల వల్లే రిపోర్టు తప్పుగా వచ్చి, ఆమెకు కావలసిన మాత్ర సగమైంది. ఆ బాగాలేకపోవడాన్ని డబ్బాలో పెట్టి, ఒట్టేయించుకుని మరీ చేతికిచ్చింది తను.

మళ్ళీ మే నెల. కరోల్ బాగ్ కోచింగ్ సెంటర్ మెట్లు గబగబా దిగుతూ వచ్చింది వాసవి. పల్చటి కాటన్ కుర్తా, స్వెట్టర్ లేదు. కింద ఎదురుచూస్తున్న వీణ్ణి చూసి ఆగింది, ఇంటికి వెళుతున్నాను, మాట్లాడాలంటే దారిలో మాట్లాడుకుందాం అంది. రాజీవ్ చౌక్‌లో లైను మారి కూర్చున్నాక, సుధీంద్ర మొత్తం చెప్పేశాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆమెకు పోయిన ఎండాకాలమే తెలిసిందట. కొత్త డాక్టరు గమ్మీలు మాన్పించి, డోసు మళ్ళీ పెంచింది. విటమిన్ డి, బి12, ఐరన్ అడుగంటిపోయాయని వాటికీ మందులిచ్చింది.

"మాత్రలో ఉండేది బియ్యం అనుకో. ఒంట్లో వండుకుంటేనే అన్నం. నాకు ఐరన్ లేదు కాబట్టి పొయ్యి సరిగా మండలేదట. నాకు తక్కువైనవి వేరు, నువ్విచ్చిన విటమిన్ వేరు," అని నవ్వింది. వాడికి నవ్వు రాలేదు.

"నాకొక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"గమ్మీల మీద నాకు కోపం లేదు సుధీ. ప్రేమతోనే ఇచ్చావు, ప్రేమతోనే తిన్నాను. కానీ బాగాలేదని నా నోటితో చెప్పినప్పుడు, నువ్వు కాగితాన్ని నమ్మావు."

"తప్పు చేసినాను. ఇప్పుడు నమ్ముతున్నా కదా."

"ఇప్పుడు కూడా ఇంకో కాగితం చూశాకే వచ్చావు."

ఐఎన్ఏ వచ్చింది. అమ్మను అడిగానని చెప్పమని, వాడి చేతి మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, దిగింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. జనంలో ఆమె జడ కనిపించినంతసేపూ చూశాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

తరువాతి స్టేషన్లో ఆసుపత్రి ఫైలు పట్టుకున్న ఒక పెద్దావిడ ఎక్కి పక్కన కూర్చుంది. పైకి చూసి, కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"బేటా, చలిగా ఉంది, సీటు మారతావా," అని హిందీలో అడిగింది.

ఎందుకని అడగకుండా లేచాడు.