నాలుగో ఫ్లాపీ

పొద్దున్నే ఇడ్లీపిండి కలుపుతున్న పంకజాక్షి చెవులు ముందుగది వైపే ఉన్నాయి. చిత్తూరులో ఇరవై ఆరేళ్లుగా వాళ్ల ప్రెస్ నడుస్తున్న గది అది. భర్త గోవిందయ్య అక్కడే కూర్చుని సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాడు. ఇప్పుడు, తొంభై ఆరులో, కొడుకు భానుచందర్ మద్రాసు నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి కిటికీ పక్కన పెట్టాడు. తెలుగు అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ తిరుపతిలో కొన్నారు. అది ఏడు ఫ్లాపీల్లో, అరచేతిలో ఇమిడే చదరపు డిస్కుల్లో, వచ్చింది. డీటీపీ నేర్చుకున్న కోడలు రూపశ్రీ దాన్ని ఎక్కిస్తోంది. పెళ్లిపత్రిక ప్రూఫు సాయంత్రానికి ఇస్తామని పలమనేరు వాళ్లకు మాట కూడా ఇచ్చేశారు.

మూడు ఫ్లాపీలు ఎక్కాయి. నాలుగోది పెట్టగానే కంప్యూటర్ గరగరమని ఆగిపోయింది. రూపశ్రీ తీసి, ఊది, మళ్లీ పెట్టింది. మళ్లీ అదే గోల. వంటింట్లో పంకజాక్షి పిండి కలపడం ఆపేసింది.

ఎందుకంటే తప్పు ఆమెదే. నిన్న శుక్రవారం. ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా బొట్టు పెట్టనిదే ఆమెకు మనసొప్పదు. కంప్యూటర్‌కు పెట్టింది, మీటల పలకకు పెట్టింది. తర్వాత ఫ్లాపీల్లో చేతికందిన ఒకటి తీసుకుంది. దాని రేకు పక్కకు జరిపితే లోపల బుజ్జి వాకిలి లాంటిది కనిపించింది. వాకిలికి పసుపు లేకపోతే ఎలాగని తడిపసుపు కాస్త అద్ది, రేకు మూసేసింది. మహాతల్లి అంతటితో ఆగిందా, దణ్ణం కూడా పెట్టుకుంది.

చెప్పేద్దామని చెయ్యి కడుక్కుని వచ్చేసరికే భానుచందర్ గొంతు లేచింది. నిన్న సాయంత్రం ఫ్లాపీల దగ్గర ఎవరున్నారని అడిగాడు. మామ ఒకటి చేత పట్టుకుని తువ్వాలతో తుడుస్తుంటే చూశానంది రూపశ్రీ. ఆ మాట ఎక్కడికి పోతుందో పాపం ఆ పిల్లకేం తెలుసు? ఇంకేముంది, భానుచందర్ తండ్రి మీదికి తిరిగాడు. ఆ పెట్టె ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి గోవిందయ్య ముభావంగానే ఉన్నాడు మరి.

“ఇది నడిసేది నీకు ఇష్టం లేదు, అంతే గదా నాయనా. దాన్నేం చేసినావు?”

గోవిందయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. భానుచందర్ అంతటితో ఊరుకోలేదు.

“ఈ ప్రెస్సులో నువ్వన్నా ఉండాల, ఈ కంప్యూటరన్నా ఉండాల.”

ఆ మాటకు గోవిందయ్య లేచాడు. సత్యవేడులో చెల్లెలు దేవకమ్మ ఇంట్లో కొన్నాళ్లు ఉండి వస్తానని, గుడ్డసంచిలో రెండు పంచెలు పెట్టుకున్నాడు. పంకజాక్షి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చెబితే కొడుకు కోపమంతా తన మీదికి మళ్లుతుంది, కోడలి ముందు తలెత్తుకోలేదు. చెప్పకపోతే ఆయన వెళ్లిపోతాడు. ఆయన చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే ఇక ఆగలేకపోయింది.

“ఆయన్నేమీ అనొద్దురా. దాంట్లో పసుపు పెట్టింది నేను.”

ఏడుస్తూనే జరిగినదంతా చెప్పింది. రూపశ్రీ రేకు జరిపి వెలుతురుకు పట్టి చూసింది. నల్లటి బిళ్ల మీద పసుపు మరక, తుడవగా మిగిలింది, ఇంకా కొద్దిగా ఉంది.

పంకజాక్షికి అప్పుడు తట్టింది. తను పసుపు పెట్టడం ఆయన చూశాడు. ఎవరి కంటా పడకముందే పోగొట్టాలని తువ్వాలతో తంటాలు పడ్డాడు.

“తెలిసి గూడా నోరెందుకు మూసుకోనుండావు నాయనా?” భానుచందర్ తండ్రి దగ్గరికి వచ్చాడు.

“నీ దగ్గర మాటలు పడేది నాకేం కొత్త గాదప్పా. మీ యమ్మ ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరి దగ్గరా ఒక మాట పడలేదు. అది సూడలేను నేను.”

భానుచందర్ తండ్రి చేతిలోంచి సంచి తీసుకున్నాడు. తీసుకున్నాడే గానీ తలెత్తి చూడలేకపోయాడు. రూపశ్రీయే కలగజేసుకుని, అమ్మినవాళ్లను అడిగితే ఇంకో ఫ్లాపీ ఇస్తారని, ఇప్పుడు తిరుపతి బస్సెక్కితే మధ్యాహ్నానికి వచ్చేయొచ్చని చెప్పింది.

“నువ్వు గూడా రా నాయనా,” అన్నాడు భానుచందర్, నేల చూపులు చూస్తూనే.

తండ్రీ కొడుకులు వీధి మలుపు తిరిగేదాకా పంకజాక్షి వాకిట్లోనే నిలబడింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన తనతో ఒక్క తీపి మాట అన్న గుర్తు లేదామెకు. ఈ రోజు అన్నది కూడా తనతో కాదు, కొడుకుతో. అయినా కొంగు నోట్లో కుక్కుకుని తనివితీరా ఏడ్చింది.