కప్పు లోపలి పేరు

మధ్యాహ్నం మూడింటికి వదిన ఫోన్ చేసింది. "ఐదింటికల్లా వస్తాను మరిదీ. ఆ ఇంజన్ ఒక్కసారి చూసి పోతాను," అంది.

"తప్పకుండా రండి వదినా," అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. ఫోన్ పెట్టేశాక బల్ల ముందు కూలబడ్డాడు. రెండు గంటల్లో ఆమెకి ఒక నిజం చెప్పాలి, లేదా చెప్పకుండా ఎలా తప్పించుకోవాలో ఆలోచించుకోవాలి. మనవాడు ముందు రెండోదాని గురించే ఆలోచించాడని వేరే చెప్పక్కర్లేదు.

వదిన భర్త డీజిల్ ఇంజన్ డ్రైవర్. తోడబుట్టకపోయినా ముప్ఫై ఏళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్‌కి అన్నే. రిటైరయ్యాక, తాను నడిపిన ఇంజన్నే మూరెడు పొడవున ఇత్తడి రేకుతో చెయ్యాలని కూర్చున్నాడు. కొలతలన్నీ డ్రాఫ్ట్స్‌మన్ గీసిచ్చాడు. "నీ గీతలు నమ్ముకుంటే నా బండి పట్టాలు దిగడం ఖాయమోయ్," అని డ్రైవర్ ఆటపట్టించేవాడు. రేకు కోయడం, వంచడం, మెట్లు, కిటికీ చట్రాలు, అద్దం తుడిచే పుల్లలు, అన్నీ డ్రైవర్ చేతివే. రివెట్ల కోసం రేకుని బోర్లా పెట్టి, మొద్దు సూదితో వెనక నుంచి ఒక్కొక్కటీ నొక్కేవాడు. టిక్... టిక్... అవతలి వైపు ఆవగింజంత బొడిపె లేచేది.

"లోపలి నుంచి నొక్కితేనే బయటికి తేలుతుంది. పైన అంటించింది ఎప్పటికైనా రాలిపోతుంది," అనేవాడు.

ఇంజన్ పైకప్పు మూయడం, రంగు వేయడం మిగిలుండగా ఆయన పోయాడు. వదిన ఇంజన్ని చెప్పుల పెట్టెలో పెట్టి తెచ్చింది. "నువ్వే పూర్తి చెయ్యి. ఆయన పేరుతో పోటీలో పెట్టు," అంది.

వాళ్ల క్లబ్బులో ఒక అలవాటుంది. నమూనా చేసినవాడు కప్పు మూసేముందు దాని లోపలివైపు సూదితో తన పేరు గీసుకుంటాడు. ఇక అది ఎవరికీ కనిపించదు. డ్రైవర్ ముందే గీసుకున్నాడు. డ్రాఫ్ట్స్‌మన్ ఆ పేరుని ఉప్పుకాగితంతో అరగదీసి, తన పేరు గీసి, కప్పూ అడుగూ టంకం పెట్టి మూసేశాడు. ఎందుకలా చేశాడంటే, చేతిలో ఉప్పుకాగితం ఉంది, గదిలో ఎవరూ లేరు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. పోటీలోనూ తన పేరే ఇచ్చాడు. మొదటి బహుమతి వచ్చింది. కూతురి పురిటికి వెళ్లడంతో వదిన రాలేదు. చప్పట్లు మోగుతుంటే అతను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల చూశాడు. వినయం కాబోలు అనుకున్నారు అందరూ.

నాలుగింటికి మబ్బు పట్టి గది చీకటైంది. కరెంటు పోయింది. కిటికీ మీద వాన మొదలైంది. టంకం వాసనా రంగు వాసనా ఎప్పుడూ ఉండేవే. వాటి అడుగు నుంచి ఇంకో వాసన మెల్లగా పైకొచ్చింది. డీజిల్... ఎన్నిసార్లు కడుక్కున్నా డ్రైవర్ చేతుల్ని వదలని వాసన.

టిక్.

వాన చినుకు అనుకున్నాడు.

టిక్... టిక్...

చప్పుడు బల్ల మీది ఇంజన్ నుంచి వస్తోంది. ఇంజన్లో మోటారు లేదు. లోపల ఉన్నది గాలి ఒక్కటే. అతను టార్చి వేశాడు. డ్రైవర్ కిటికీ కింద నున్నటి ఆకుపచ్చ రంగు ఒకచోట పగిలి, పసుప్పచ్చని ఇత్తడి బొడిపె తొంగి చూస్తోంది. చూస్తుండగానే పక్కన ఇంకోటి లేచింది. ఆ పక్కన ఇంకోటి.

లోపలి నుంచి.

వేలు పెట్టి చూశాడు. రేకు వెచ్చగా ఉంది. బొడిపెలు వంపు తిరిగాయి, అక్షరమయ్యాయి. డ్రైవర్ పేరులో మొదటి అక్షరం. తర్వాత రెండోది...

"అన్నా," అన్నాడు. "చెప్పేస్తాను. వదినకి మొత్తం చెప్పేస్తాను. ఒట్టు."

పేరు పూర్తయింది. చప్పుడు ఆగింది. వీధి తలుపు మోగింది.

వదిన తడిసిన గొడుగు మూలన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, ఇంజన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. కిటికీ కింది బొడిపెల్ని ఒక్కొక్కటీ వేలితో తడిమింది.

"ఆయన పేరు," అంది. "లోపల రాస్తారని చెప్పేవారు. నువ్వు నలుగురికీ కనిపించేలా రివెట్లతో పెట్టావు. ఇంత మంచితనం నీకెక్కడిది మరిదీ?"

ఇదే సమయం. నోరు తెరిచాడు. ఆమె కళ్లల్లో నీళ్లు నిండి ఉన్నాయి. తన వంక అంత గౌరవంగా ఎవరైనా చూసి ఎన్నాళ్లయిందో.

"అన్న కోసం ఆ మాత్రం చెయ్యనా వదినా," అన్నాడు.

అన్నాక తన గొంతు తనకే అసహ్యమేసింది. ఆమె "ఇంటికి తీసుకెళ్తాను," అని ఇంజన్ని చీర కొంగులో పొదువుకుని వెళ్లిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. వెనక్కి పిలవచ్చు. పిలవలేదు.

గదిలోకి వచ్చేసరికి కరెంటు వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. ఇంజన్ ఉన్నచోట చిటికెడు ఇత్తడి పొడి, తాజాగా ఉప్పుకాగితంతో అరగదీసినట్టు మెరుస్తోంది. కప్పు లోపల ఇప్పుడు ఏ పేరూ లేదని అతనికి అర్థమైంది. పోనీలే, పీడ వదిలింది అనుకున్నాడు.

టిక్.

బల్ల వైపు చూశాడు. గోడ వైపు చూశాడు.

టిక్... టిక్...

కుడి చెయ్యి చురుక్కుమంది. చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు పైన నున్నటి చర్మం మీద ఆవగింజంత బొడిపెలు, డ్రైవర్ నొక్కినట్టే సమానమైన ఎడంతో, వరసగా లేస్తున్నాయి. నొప్పి లేదు. వెచ్చగా ఉంది. మొదటి అక్షరం అప్పటికే పూర్తయింది.

అది డ్రైవర్ పేరు కాదు, తన పేరూ కాదు. 'దొ'... దాని పక్కన సున్నా చుట్టుకోవడం మొదలుపెట్టింది.