మేలిరక్తం

ఆ పూట ముప్పై ఏడో "గ్యాస్" ఫిర్యాదును కూడా స్కానింగ్ అక్కర్లేని ఆకుపచ్చ వరసలోకి తోసేసి, వరహాలమ్మ చెయ్యి విదిలించుకుంది. తేలుపట్నం జనం మణికట్లకున్న నాలుగువేల నాడికట్లూ తెల్లవారేసరికి ఎవరి కొవ్వుపటాన్ని, అంటే నెత్తుట్లోని కొవ్వు అంకెల్ని, వాళ్ళ పేరున ఆమె బల్ల మీదికి పంపేస్తాయి. ఆ అంకెలు చూసుకోవడం ఊరందరికీ తిండీ మందూ నిర్ణయించే పథ్యం అనే యంత్రం పని. మనుషులు నోటితో చెప్పుకున్న బాధల్లో దేన్ని స్కానింగుకు పంపాలో, దేన్ని వదిలేయాలో తేల్చడం ఆమె పని. గ్యాస్ అంటే స్కానింగ్ అక్కర్లేదని ఆమె ఎప్పుడో నేర్చుకుంది. నేర్పింది ఈ జనమే. సముద్రం మీద ఊరు కట్టుకున్నారు గానీ, మెడకీ నడుముకీ మధ్య ఎక్కడ నొప్పొచ్చినా గ్యాసే అనడం మాత్రం మానలేదు మహానుభావులు!

ముప్పై ఎనిమిదోది బుల్లబ్బాయిది. సాక్షాత్తూ ఆమె మొగుడు.

"భోజనమైన గంటకి కుడి డొక్కలో పోటు. భుజం దాకా లాగింది. గ్యాసే."

ఆమె చెయ్యి ఆగిపోయింది. బుల్లబ్బాయిది ఊరికంతటికీ మేలిరక్తం. ట్రైగ్లిజరైడ్లూ కొలెస్ట్రాలూ అంత చక్కగా దిగినవాడు ఈ ఏడేళ్ళలో మరొకడు లేడు. అందుకే అతనికిచ్చే, కొవ్వు తగ్గించే కరుగుబిళ్ళనూ, నూనెచుక్క తగలని భోజనాన్నీ పథ్యం అందరికీ అచ్చం అలాగే ఇస్తోంది. రోజూ మధ్యాహ్నం భోజనాల హాల్లో మైకు ముందు నిలబడి అతను తన అంకెలు చదువుతాడు. అప్పుడు చూడాలి ఆ ముఖం! పెళ్ళిపీటల మీద కూడా అంత వెలగలేదని వరహాలమ్మ మురిపెంగా దెప్పుతూ ఉంటుంది.

కబురు పెడితే సోడా తాగుతూ వచ్చాడు.

"ఏంటే, పని మధ్యలో పిలిచావ్?"

"చొక్కా ఎత్తండి."

"ఇక్కడా? బాగానే ఉంది సంబడం!"

"ఎత్తండి అంటుంటే."

చల్లటి జెల్ రాసి, చేతి స్కానర్ని పక్కటెముకల కింద ఆనించింది. చక్కిలిగింతలంటూ అతను మెలికలు తిరిగిపోయాడు. తెర మీద పిత్తాశయం కనిపించింది. అందులో తెల్లగా ఐదు గింజలు, ఒక్కోదాని వెనకా నల్లటి నీడ.

"కనపడిందా గ్యాసు?"

"రాళ్ళండీ. ఐదున్నాయి."

"నా నెత్తుట్లో కొవ్వే లేదు కదే! రాళ్ళెక్కణ్ణుంచి వస్తాయి?"

"నెత్తుట్లోంచి పోయింది ఎక్కడికి పోతుందనుకున్నారు? ఆ బిళ్ళ తరిమితే లివరు దాన్ని పిత్తంలోకి తోసేస్తుంది. తిండిలో కాస్త నూనె తగిలితేనే ఆ తిత్తి ముడుచుకుని ఖాళీ అవుద్ది. మీకు నూనె తగిలి ఏడేళ్ళయింది. నిలవున్నది గడ్డకట్టింది. పథ్యం చూసేది నెత్తురొక్కటే, ఈ తిత్తిలోకి అదెప్పుడూ తొంగిచూళ్ళేదు."

బుల్లబ్బాయి స్టూలు మీద కూలబడ్డాడు. "ఇప్పుడు రాళ్ళని రాస్తే?"

"మేలిరక్తం రద్దయిపోద్ది. మీ మోతాదు ఎవరికీ ఇవ్వరు."

"అంటే మైకు..." చిన్నపిల్లాడిలా ఆమె కొంగు పట్టుకున్నాడు. "గ్యాసని రాసెయ్యవే, వరాలూ. ఈ ఒక్క నెలా."

ఆ మనిషికి ఉన్నది ఆ ఒక్క సంబరమే. కానీ ఆ రాళ్ళలో ఒకటి జారి నాళంలో ఇరుక్కుంటే?

"ప్రాణం మీదికొస్తుందండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మీరు లేకపోతే ఆ మైకుని నేనేం చేసుకోను?"

అతను చూపు తిప్పుకోబోతే బల్ల మీది ఆకుపచ్చ వరస కనిపించింది. అందులో పడవల రేవు సత్తెమ్మ పేరుంది.

"సత్తెమ్మక్కకీ కుడి డొక్కేనా?"

"ఆయ్. ఆవిడొక్కతే కాదు, ముప్పై ఏడుమందిలో సగానికి పైగా కుడివైపే. నేనే వదిలేశాను," అంది వరహాలమ్మ.

"గ్యాసేలే, ఇంత వాము నమలమని మొన్న నేనే చెప్పాను. నా మాటంటే ఆవిడకి గురి." బుల్లబ్బాయి చొక్కా దించుకుని లేచాడు. సగం తాగిన సోడా అక్కడే వదిలేశాడు.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. అతను మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ అంకెలు చదవనండి. నా నెత్తురు బాగానే ఉంది. పిత్తాశయంలో ఐదు రాళ్ళున్నాయి. నేను మింగే బిళ్ళే మీరూ మింగుతున్నారు, నేను తినే కూడే మీరూ తింటున్నారు. తిన్నాక కుడి డొక్కలో పోటొచ్చేవాళ్ళు చేతులెత్తండి. గ్యాసని చెప్పినోళ్ళు కూడా ఎత్తండి. నాలాగా."

అతను మాట్లాడుతుండగానే వరహాలమ్మ తన చేతి పలక మీద మొగుడి పేరుకెదురుగా రాళ్ళు అని నమోదు చేసింది. పొద్దున వదిలేసిన ముప్పై ఏడు పేర్లనూ స్కానింగుకు పంపేసింది.

ముందు సత్తెమ్మ చెయ్యి లేచింది. తర్వాత ఆమె బల్లవాళ్ళవి, ఆ వెనక వరసలవి లేచాయి. తిండి మోసుకొచ్చే వడ్డన పట్టాలు ఉన్నచోటే నిలిచిపోయాయి.

"మేలిరక్తం రద్దయింది," అంది పథ్యం, పైకప్పులోంచి. "ఇకపై ఎవరి రక్తాన్ని అనుసరించాలి?"

అది మళ్ళీ అడిగింది. చేతులు ఇంకా లేస్తూనే ఉన్నాయి.

వరహాలమ్మ జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కి, మొగుడి కుడి డొక్క మీద అరచెయ్యి ఆనించింది.

"నొప్పిగా ఉందా?"

మైకు ఇంకా మోగుతూనే ఉంది.

"ఉందే," అన్నాడు బుల్లబ్బాయి, నాలుగువేల మందీ వింటుండగా. "చాలా ఉంది."